మిల్లు లెక్కలున్న పాత కంప్యూటర్‌ను కోర్టు దాకా తీసుకెళ్లిన నా అనుభవం

మా రైసు మిల్లు వాటా కేసులో ఇరవై ఏళ్లు దాటిన ఒక కంప్యూటర్‌లోంచి లెక్కలు తీయించి కోర్టులో పెట్టడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇలాంటి పని ఎవరితో చేయించాలో, ఎంత ఖర్చవుతుందో, ఎక్కడ ఇరుక్కుంటామో చెప్పేవాళ్లు మాకు ఒక్కరూ దొరకలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరి. నాన్నగారు, వరసకు మాకు బాబాయి అయ్యే ఆయన కలిసి చాలా ఏళ్లు మిల్లు నడిపారు. 2022లో నాన్నగారు పోయారు. లెక్క చూసి మా వాటా తేల్చమని పెద్దమనుషులతో అడిగించాం, తేలలేదు. 2024 ఆగస్టులో దావా వేశాం. నవంబరులో వాళ్ల జవాబు వచ్చింది. నాన్నగారు 2002 ఫిబ్రవరిలోనే పెట్టుబడి మొత్తం వెనక్కి తీసేసుకున్నారనీ, ఆ తర్వాత ఊరికే పెద్దరికం కోసం మిల్లుకు వచ్చి కూర్చునేవారనీ అందులో రాశారు. అది చదివి వినిపించినప్పుడు అమ్మ మొహం చూడలేకపోయాను. సీజన్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ధాన్యం కాటా దగ్గరికి వెళ్లిన మనిషి గురించి రాసిన మాట అది.

పుస్తకాలేమో వాళ్ల దగ్గర ఉన్నాయి. 2008కి ముందువి చెదలు తినేశాయన్నారు. మా దగ్గర నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్కులు కొన్ని, పార్టనర్‌షిప్ డీడ్ జిరాక్సు, అంతే. అప్పుడు అమ్మకే గుర్తొచ్చింది, మిల్లు లీజుకిచ్చిన 2010లో ఆఫీసులోని పాత కంప్యూటర్‌ని నాన్నగారు ఇంటికి తెచ్చి అటక మీద పెట్టించారని. దాంతో పాటే ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా ఫ్లాపీలు కూడా.

మా తమ్ముడు వెంటనే దించి ప్లగ్గు పెడదామన్నాడు. లాయరుగారికి ఫోన్ చేస్తే ఆయన చెప్పిన మొదటి మాట, "ఆ స్విచ్ మాత్రం ముట్టుకోకండమ్మా." అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ తర్వాత ల్యాబ్‌లో ఎగ్జామినర్‌గారు విడమరిచి చెప్పారు. విండోస్ 98 ఒక్కసారి ఆన్ అయితే చాలు, మనం ఏమీ చేయకపోయినా అదే చాలా ఫైళ్లను తిరగరాస్తుంది. చెరిపేసిన పాత సమాచారం మిగిలి ఉన్న ఖాళీ జాగాలోకి కొత్తది వచ్చి పడుతుంది. తేదీలు మారతాయి. ఇక అవతలి లాయరుకు అంతకంటే ఏం కావాలి, మీరే తెరిచి మార్చుకున్నారు అంటాడు. పైగా ఏళ్ల తరబడి తిరగని హార్డ్ డిస్క్ మళ్లీ తిరిగేది ఎన్నిసార్లో తెలియదు. ఆ అవకాశాన్ని ఇంట్లో కుతూహలం కోసం ఖర్చు పెట్టకూడదు.

డిసెంబరులో పిటిషన్ వేశాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 10-ఏ రూలు కింద, శాస్త్రీయ పరిశోధన అవసరమైన విషయాలకు కోర్టు తన తరఫున ఒక కమిషనర్‌ని వేయవచ్చట. మనంతట మనమే ల్యాబ్‌కి తీసుకెళ్లినా చట్టం అడ్డం రాదు, కానీ "దారిలో ఏం చేశారో ఎవరికి తెలుసు" అనే ప్రశ్నకు సమాధానం ఉండదని లాయరుగారు కమిషనర్ కోసమే పట్టుబట్టారు. అవతలి వాళ్లు కౌంటర్ వేయడానికి రెండు వాయిదాలు తీసుకున్నారు. ఆ కంప్యూటర్ సంస్థ ఆస్తి, వీళ్ల ఇంట్లో ఎందుకుంది అన్నది వాళ్ల అభ్యంతరం. సంస్థ ఆస్తే అని వాళ్లే ఒప్పుకోవడం తర్వాత మాకే పనికొచ్చింది. 2025 మార్చిలో పిటిషన్ అనుమతించారు. అడ్వొకేట్ కమిషనర్ ఫీజు పదిహేను వేలు మేమే కట్టాలి.

ల్యాబ్ ఎంపిక ఇంకో తలనొప్పి. ప్రభుత్వ ల్యాబ్‌లో క్రిమినల్ కేసుల వరసే పొడవుగా ఉంటుంది, సివిల్ దావాకి ఎప్పుడు వంతొస్తుందో చెప్పలేం అన్నారు లాయరుగారు. హైదరాబాద్‌లో కొన్ని ప్రైవేటు ల్యాబులకు ఫోన్ చేశాను. సెల్‌ఫోన్లూ ల్యాప్‌టాపులూ అంటే అందరూ రెడీ. "విండోస్ 98, డాస్‌లో లెక్కలు, ఫ్లాపీలు" అనగానే ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. చివరికి ఒక ల్యాబ్ ఎగ్జామినర్‌గారు "ఫ్లాపీలు అయిదుంబావు అంగుళాలవా, మూడున్నరవా? పల్చటి పెద్దవా, గట్టి చిన్నవా?" అని ఎదురు ప్రశ్న వేశారు. ఆ ప్రశ్న విన్నాకే నాకు ధైర్యం వచ్చింది. మావి చిన్నవి, 1.44 ఎంబీవి. పెద్దవైతే వాటిని చదివే డ్రైవు సంపాదించడమే ఒక పని అని చెప్పారాయన.

ఏప్రిల్‌లో కమిషనర్‌గారు, రెండు పక్షాల లాయర్లు, ల్యాబ్ నుంచి ఒక కుర్రాడు మా ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం ఎండలో అటక మీదికి ఎక్కి సీపీయూ ఎక్కడ, ఎలా ఉందో అలాగే ఫోటోలు తీశారు. దించాక నాలుగు వైపులా తీశారు. వెనక దుమ్ము ఎలా పేరుకుందో కూడా దగ్గరగా ఫోటో తీశారు. స్క్రూల మీద, సందుల మీద దుమ్ము కదలకుండా ఉండటం, పెట్టెను ఈమధ్య ఎవరూ విప్పలేదనడానికి ఒక గుర్తు అవుతుందట. మా అమ్మ గుడ్డ తీసుకుని తుడవబోతే అందరూ ఒక్కసారే వద్దన్నారు.

తర్వాత జాబితా. కంపెనీ పేరు ఏమిటి? లేదు, అది ఏలూరులో అసెంబుల్ చేయించింది. సీరియల్ నంబరు? లేదు. రంగు? కొన్నప్పుడు తెలుపు, ఇప్పుడు పసుప్పచ్చ. ఇదేదో చాదస్తం అనుకోకండి. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మా దావా ఆ తర్వాత వేసింది కాబట్టి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జత చేసే పాత 65బి సర్టిఫికెట్ కాదు, కొత్త 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. ఆ ఫారంలో పరికరం తయారీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు అని గడులు ఉన్నాయి. సెల్‌ఫోన్లను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది. కమిషనర్‌గారు "అసెంబుల్డ్, పసుపు రంగుకు తిరిగిన తెలుపు" అని రాసి, లోపలి హార్డ్ డిస్క్ మీదున్న నంబరు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు సరిచూసుకున్నారు. నాన్నగారి ఇనప్పెట్టెలో 1999 నాటి బిల్లు దొరికింది. సంస్థ పేరు మీదే ఉంది. మీ దగ్గర అలాంటి పాత బిల్లు ఉంటే పారేయకండి, మాకది చాలా పనిచేసింది.

డిస్క్‌ని మామూలు ప్లాస్టిక్ కవర్లో చుట్టకూడదు, స్టాటిక్ కరెంటు పుడుతుంది. ల్యాబ్ కుర్రాడు బూడిద రంగులో మెరిసే ప్రత్యేకమైన కవరు తెచ్చాడు. దాని మీద గుడ్డ, గుడ్డ మీద లక్క ముద్ర. ఫ్లాపీల డబ్బాకి విడిగా ఇంకో ముద్ర. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన ప్రతిసారీ తేదీ, టైము, సంతకం ఉండే కాగితం ఒకటి వెంటే వెళ్లింది. కమిషనర్‌గారి కారు ఖర్చు, హోటలు అన్నీ కలిపి మరో పన్నెండు వేలు.

మే నెలంతా కోర్టుకి సెలవులు, ల్యాబ్‌లో మాత్రం పని నడిచింది. ఎగ్జామినర్‌గారు డిస్క్ లేకుండా ముందు మదర్‌బోర్డుకి మాత్రమే కరెంటు ఇచ్చి గడియారం ఎంత చూపిస్తుందో నోట్ చేసుకున్నారు. 1980 జనవరి 1. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఈ తేదీ గుర్తు పెట్టుకోండి, మమ్మల్ని నెలలపాటు ఏడిపించింది ఇదే.

డిస్క్ 4.3 జీబీది. ఇవాళ మన ఫోన్లో ఒక సినిమా అంత. ఆరోగ్యంగా ఉంటే కాఫీ తాగేలోపు కాపీ అయిపోవాలి. వెడల్పాటి నలభై పిన్నుల కేబుల్‌తో, మధ్యలో రైట్ బ్లాకర్ అనే పెట్టె పెట్టి తగిలించారు. దాని పని ఒక్కటే, చదవడానికి ఒప్పుకుంటుంది, డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయనివ్వదు. డిస్క్ తిరిగింది. కొంత దూరం బాగా చదివింది, తర్వాత టిక్, టిక్ అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ రోజు ఫోన్ వచ్చినప్పుడు నేను బ్యాంకులో కౌంటర్ మీద ఉన్నాను. "బ్యాడ్ సెక్టార్లు ఉన్నాయి మేడమ్, తొందరపడితే హెడ్ పోతుంది. టైం ఇవ్వండి" అన్నారు. బ్యాడ్ సెక్టార్లంటే డిస్క్‌లో చదవడానికి మొరాయించే చోట్లు, హెడ్ అంటే డిస్క్‌ని చదివే భాగం. అది పోతే అదే మోడల్ డిస్క్ ఇంకొకటి ఎక్కడో వెతికి, దాని భాగాలు తీసి అమర్చాలట. పాతికేళ్ల నాటి అదే మోడల్ ఎక్కడ దొరుకుతుంది? దొరికినా ఆ ఖర్చు విడిగా నలభై వేలు పైమాటే అన్నారు. ఆ వారం నాకు నిద్ర లేదు.

ఆయన డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడారు. అది తేలిగ్గా చదవగలిగిన చోట్లన్నీ ముందు కాపీ చేసేస్తుంది, మొరాయించిన చోటు దగ్గర కొట్టుకోకుండా దాటి వెళ్లిపోయి, చివర్లో మళ్లీ వచ్చి కొంచెం కొంచెంగా ప్రయత్నిస్తుంది. ఎక్కడ చదివింది, ఎక్కడ చదవలేకపోయింది అన్నది ఒక ఫైలులో రాసుకుంటూ పోతుంది. మధ్యలో డిస్క్‌ని ఆపి, చల్లబడనిచ్చి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. అలా వారం పైన నడిచింది. చివరికి మొత్తం డిస్క్‌లో చదవలేకపోయింది అర శాతం లోపే. ఫోన్ పెట్టేసి నేను ఏడ్చేశాను.

కానీ ఆ అర శాతంలోనే 2003–04 ఆవర్జా, అంటే ఖాతాల వారీ లెక్కల ఫైలు, మధ్య భాగం పోయింది.

ఇక్కడ ఎవరూ ముందు చెప్పని విషయం ఒకటుంది. కాపీ అసలుకు అచ్చంగా సమానమని చూపడానికి హ్యాష్ అని ఒక విలువ తీస్తారు. లోపల ఒక్క బిట్ తేడా ఉన్నా ఆ విలువ మొత్తం మారిపోతుంది. చెడిపోతున్న డిస్క్‌తో వచ్చిన చిక్కేమిటంటే, ఇవాళ చదివిన సెక్టారు రేపు చదవకపోవచ్చు. కాబట్టి రెండోసారి ఇమేజ్, అంటే మొత్తం డిస్క్‌కి అచ్చు కాపీ, తీస్తే హ్యాష్ కలవదు. అవతలి లాయరు సరిగ్గా ఇదే అడిగారు, అసలు డిస్క్ హ్యాష్‌తో ఎందుకు సరిపోల్చలేదని. ఎగ్జామినర్‌గారు ముందే చదవలేని సెక్టార్ల జాబితా మొత్తం రిపోర్టుకు జత చేసి, ఇమేజ్ పూర్తయిన నిమిషానే దాని హ్యాష్ తీసి కమిషనర్‌గారికి మెయిల్ చేశారు. మీరు ల్యాబ్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండూ చేస్తారా అని తప్పకుండా అడగండి.

లెక్కలు ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేరులో ఉన్నాయి. భీమవరం నుంచి వచ్చే ఒక ప్రోగ్రామర్ మిల్లు కోసం సొంతంగా రాసిచ్చింది. ఇమేజ్ కాపీ మీద ఆ ప్రోగ్రాం నడిపిస్తే "డివైడ్ బై జీరో" అని ఆగిపోయింది. ఆ రోజుల్లో ప్రాసెసర్ ఎంత వేగమో కొలుచుకునే లెక్క ఒకటి ఫాక్స్‌ప్రో లోపల ఉండేదట, ఇప్పటి వేగానికి ఆ లెక్క సున్నా అయిపోతుంది. పాత డాస్ కంప్యూటర్‌లా నటించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో వేగం బాగా తగ్గించి నడిపితే తెరుచుకుంది. నీలం తెర మీద తెల్ల అక్షరాలతో మా సంస్థ పేరు, కింద "1. చిట్టా 2. ఆవర్జా 3. స్టాకు" అన్న మెనూ ఇంగ్లీషు అక్షరాల్లో. చిట్టా అంటే రోజువారీ పద్దులు. ఆ తెర ఫోటో వాట్సాప్‌లో వచ్చినప్పుడు అమ్మకి చూపించాను. చాలాసేపు ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

నాన్నగారి క్యాపిటల్ ఖాతా 2007 మార్చి దాకా ఉంది. ఏటా మార్చి 31న వడ్డీ జమ. మా ఆడిటరుగారు ఆ ప్రింటు చూసి ఒక చోట వేలు పెట్టి ఆగారు. 2002–03లో వడ్డీ రెండు ముక్కలుగా లెక్కగట్టి ఉంది. మే నెలాఖరు దాకా 18 శాతం, జూన్ నుంచి 12 శాతం. పార్టనర్ల పెట్టుబడి మీద సంస్థ ఖర్చు కింద చూపించుకోగలిగిన వడ్డీ పరిమితిని ఆదాయపు పన్ను చట్టం సరిగ్గా 2002 జూన్ 1 నుంచి 18 నుంచి 12కి తగ్గించింది. కంప్యూటర్ తేదీల మీద ఎన్ని అనుమానాలున్నా, ఈ లెక్క అప్పటి రోజుల్లో కూర్చుని రాసిన మనిషి రాసినట్టే ఉందని ఆయన అన్నారు. ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేని మాట అది, పాత ఆడిటరు ఒక్కడే పట్టుకోగలడు.

అదే రిపోర్టులో మమ్మల్ని వణికించింది కూడా ఉంది. ఫాక్స్‌ప్రోలో ఒక పద్దు డిలీట్ చేస్తే వెంటనే పోదు. ఆ వరస మొదట్లో ఒక చుక్క గుర్తు, అంటే స్టార్ పడుతుంది, తెర మీద కనిపించడం మానేస్తుంది. ప్యాక్ అనే కమాండ్ ఇచ్చేదాకా ఫైల్లో అలాగే పడి ఉంటుంది. మామూలుగా తెరిస్తే ఈ చుక్క పడ్డ వరసలు కనపడకపోవచ్చు, ముడి ఫైలు చూడాలి. మా ఫైల్లో అలాంటివి చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి 2002 ఫిబ్రవరిలో నాన్నగారి క్యాపిటల్ నుంచి పెద్ద మొత్తం ఖర్చు రాసిన పద్దు.

లాయరుగారు ఆ పేజీ నా ముందు పెట్టి మాట్లాడలేదు. బాబాయి చెప్పిన నెల అదే. అంటే నిజంగానే తీసుకున్నారా? ఆ రాత్రి అమ్మని అడగడానికి నోరు రాలేదు. నిజమైతే నిజమే, దాచేది లేదని మాత్రం నిర్ణయించుకున్నాం. రిపోర్టు కోర్టుకు వెళ్తోంది, అందులో ఏ పేజీ తీసేయమని అడిగే హక్కు మనకు లేదు, అడగకూడదు కూడా.

దీనికి జవాబు చెప్పగలిగింది ఒక్కరే, మిల్లు గుమాస్తాగారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, రాజమండ్రిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. జూలైలో వెళ్లాను. మోకాళ్ల నొప్పులతో లేవలేకపోతున్నారు గానీ మాట స్పష్టం. ప్రింటు చూపించగానే, "ఓ, ఇదా అమ్మాయ్! మీ నాన్నగారు మీ పెదక్క పెళ్లికని అడిగారు, చిట్టా రాసేశాను. ఈలోగా చెక్కు మీద మీ బాబాయి సంతకం పెట్టలేదు, సీజన్లో డబ్బు తీస్తే ధాన్యం కొనలేం అన్నారు. మీ నాన్నగారు సరేనని బయట అప్పు చేశారు. నేను పద్దు కొట్టేశాను" అన్నారు. అక్క పెళ్లికి చేసిన ఆ అప్పు ప్రోనోటు అమ్మ పెట్టెలో ఇంకా ఉంది, తీర్చిన చెల్లుతో సహా. తేదీ 2002 మార్చి మొదటి వారం. నాన్నగారి బ్యాంకు పుస్తకంలో ఫిబ్రవరిలో అంత మొత్తం జమ లేదు. పద్దు కొట్టేసిన తర్వాత కూడా ఆ ఏడాది వడ్డీ పూర్తి పెట్టుబడి మీదే కట్టి ఉంది.

ఆయన వయసు చూసి లాయరుగారు ఆలస్యం చేయలేదు. సాక్షిని వాయిదా వచ్చేదాకా ఆగకుండా ముందే, ఇంటి దగ్గరే విచారించడానికి పిటిషన్ వేశారు. మీ కేసులో కూడా పాత లెక్కలు రాసిన మనిషి ఎవరైనా ఉంటే, ల్యాబ్ కంటే ముందు ఆయన్ని వెతకండి. డిస్క్‌ని పెట్టెలో పెట్టి సీలు వేయొచ్చు.

ఫ్లాపీల సంగతి. పోయిన 2003–04 ముక్క వాటిలో ఉంటుందని ఆశ. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, సగం ఫ్లాపీల మీద బూజు. ఇనప రేకు పక్కకి జరిపి చూస్తే గుండ్రటి నల్లటి రేకు మీద తెల్లటి చుక్కలు. అలాగే డ్రైవులో పెడితే బూజు హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీని కూడా గీరేస్తుంది. ఒక్కొక్కటి విప్పి, శుభ్రం చేసి, ప్రతి ఫ్లాపీ తర్వాత డ్రైవు హెడ్ తుడిచి చదివారు. ఫ్లాపీకి వెయ్యి రూపాయల చొప్పున తీసుకున్నారు. గుమాస్తాగారు బ్యాకప్‌ని, ఫైళ్లను కుదించి కట్టే ఏఆర్‌జే అనే ప్రోగ్రాంతో మూడు ఫ్లాపీల మీదికి ముక్కలు చేసేవారు. మాకు కావలసిన సెట్టులో మధ్యది చచ్చిపోయింది. అదృష్టం ఏమిటంటే ఏఆర్‌జేలో ఒక్కో ముక్కలో పూర్తిగా ఇమిడిన ఫైళ్లు విడిగా బయటికొస్తాయి. ఆ ఏడాది ఆవర్జా మూడో ఫ్లాపీలో దొరికింది. లేబుల్ మీద గుమాస్తాగారి చేతిరాతలో తేదీ కూడా ఉంది. దాన్ని ఫోటో తీసి రిపోర్టులో పెట్టారు.

ఉత్తరాలున్న ఫోల్డర్ ఒకటి బయటపడింది. తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. అవి యూనికోడ్ రాకముందు వాడిన తెలుగు ఫాంట్లతో టైపు చేసినవి. ఇలాంటి ఫైళ్లలో "వాటా", "పెట్టుబడి" అని తెలుగులో వెతికితే ఏ సాఫ్ట్‌వేరుకీ ఏమీ దొరకదు, ఎందుకంటే ఫైలు లోపల తెలుగు అక్షరాలే లేవు. ఎగ్జామినర్‌గారికి తెలుగు వచ్చు కాబట్టి పట్టుకున్నారు. ఆ ఫాంటు అదే డిస్క్‌లో ఉంది. యూనికోడ్‌లోకి మార్చలేదు. మారిస్తే మార్చారని ఇంకో గొడవ. అదే ఇమేజ్‌ని నడిపించి తెర మీద కనిపించినట్టే ఫోటోలు తీసి పెట్టారు. అందులో 2004లో బ్యాంకుకి రాసిన ఉత్తరం ఒకటి, కింద ఇద్దరు భాగస్వాముల పేర్లూ టైపు చేసి ఉన్నాయి.

రిపోర్టు సెప్టెంబరులో వచ్చింది. సర్టిఫికెట్ రెండు భాగాలు. 'ఎ' భాగం మీద నేను, 'బి' భాగం మీద ఎక్స్‌పర్టు సంతకం చేయాలి. 'ఎ' భాగంలో, ఆ కాలంలో కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందనీ, పనిచేయని సమయం ఉంటే అది సమాచారాన్ని దెబ్బతీయలేదనీ మనం ప్రకటించాలి. పాతికేళ్ల నాటి మిల్లు ఆఫీసు కంప్యూటర్ గురించి నేనెలా చెప్పను? లాయరుగారు పరికరం మా ఇంట్లో ఉన్న కాలానికి మాత్రం నా చేత చెప్పించి, మిల్లులో ఉన్న కాలానికి గుమాస్తాగారి అఫిడవిట్ జత చేశారు. ఇంకో జాగ్రత్త. హ్యాష్ విలువ 64 అక్షరాలు. ఆఫీసులో టైపిస్టు దాన్ని చూసి కొట్టినప్పుడు ఒక అక్షరం మారింది. సంతకానికి ముందు స్కేలు పెట్టి వరస వరస సరిచూస్తే దొరికింది. కాపీ పేస్టు చేయించండి.

ఇక 1980. డిస్క్‌లో కొన్ని ఫైళ్ల మీద 1980 జనవరి 1 అని ఉంది. డాస్ తేదీల లెక్క మొదలయ్యేదే ఆ రోజు నుంచి. విండోస్ 98 పుట్టక ముందు తేదీతో విండోస్ 98 ఫైళ్లు, కాబట్టి మొత్తం కల్పితం అని వాళ్ల అభ్యంతరం. ఎగ్జామినర్‌గారి వివరణ నాకు బాగా నచ్చింది. విండోస్ 98 రోజుకి మొదటిసారి ఆన్ అయినప్పుడు తన రిజిస్ట్రీకి, అంటే సెట్టింగులన్నీ ఉండే చోటుకి, ఒక కాపీ దాచుకుంటుంది, మామూలుగా చివరి అయిదు మాత్రమే ఉంచుకుంటుంది. మా డిస్క్‌లో నాలుగింటి మీద 2007 మార్చి తేదీలు, ఒకదాని మీద 1980. అంటే బ్యాటరీ పోయాక ఎవరో ఆన్ చేశారు. కానీ ఆవర్జా, చిట్టా ఫైళ్లు ఒక్కదాని మీదా 1980 లేదు. ఫాక్స్‌ప్రో లెక్కలు దాచే డీబీఎఫ్ ఫైలు తన తలభాగంలో చివరగా మార్చిన తేదీని విడిగా రాసుకుంటుంది, అక్కడ కూడా లేదు. ఎవరైనా కావాలని చేత్తో గడియారం మార్చి చేసి ఉండొచ్చా అని అడిగితే, "ఆ అవకాశం పూర్తిగా లేదని నేను చెప్పలేను" అని రిపోర్టులోనే రాశారు. మొదట ఆ వాక్యం చూసి బాధపడ్డాను. ఇప్పుడు ఆ వాక్యం వల్లే మిగతా రిపోర్టు నమ్మేట్టు ఉందనిపిస్తోంది.

ఆన్ చేసిందెవరో అక్టోబరులో రాజమండ్రిలో కమిషనర్ ముందు క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలింది. వాళ్ల లాయరే అడిగారు. గుమాస్తాగారు వెంటనే, "నేనేనండి. 2009లో వ్యాట్ వాళ్లు పాత లెక్క అడిగితే ప్రింటు తీయడానికి వేశాను. నల్ల తెర మీద ఏదో వచ్చి ఆగిపోయేది, ఎఫ్ వన్ నొక్కితేనే ముందుకెళ్లేది" అన్నారు. బ్యాటరీ పోయిన కంప్యూటర్ సరిగ్గా అలాగే ఆగుతుంది. ఆయనకి బ్యాటరీ గురించి గానీ 1980 గురించి గానీ ఎవరూ చెప్పలేదు.

మొత్తం ఖర్చు: ల్యాబ్‌కి లక్షా పదిహేను వేలు, దాని మీద జీఎస్టీ 18 శాతం. రెండుసార్లు కమిషనర్ ఫీజులు, ప్రయాణాలు కలిపి యాభై వేల దాకా. ఎక్స్‌పర్టు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పిన రోజుకి ఇరవై వేలు, టిక్కెట్లు విడిగా. ఇది ముందే రాయించుకోండి, చాలా ల్యాబులు రిపోర్టు రేటు మాత్రమే చెప్తాయి.

ప్రైవేటు ల్యాబ్ మనిషి బి భాగం సంతకం చేయొచ్చా అన్న అభ్యంతరాన్ని జడ్జిగారు తుది వాదనలకు వాయిదా వేశారు. ఇప్పుడు అవతలి వాళ్లు తమ సొంత ఎక్స్‌పర్టుతో ఇమేజ్ కాపీని పరీక్ష చేయించుకుంటామని పిటిషన్ వేశారు. మేము అభ్యంతరం చెప్పలేదు. అసలు డిస్క్‌ని మళ్లీ తిప్పకూడదు, కాపీ మాత్రమే ఇవ్వాలి, హ్యాష్ కమిషనర్‌గారి దగ్గరున్న దానితో సరిచూసి ఇవ్వాలి, ఖర్చు వాళ్లు పెట్టుకోవాలి అని మాత్రం మెమో వేశాం. దాని మీద ఆర్డరు వచ్చే వాయిదాకి.